ఉన్న కాలికి తెలియదు, లేని కాలు నొప్పి

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. టైలరు. షుగర్ వల్ల కుడి మడమ మీద పుండు మానక, మూడు నెలల కిందట మోకాలి కింద దాకా కాలు తీసేశారు. గాయం మానింది. కానీ లేని కాలి బొటనవేలు దురద పెడుతోందంటారు. రాత్రిళ్లు ఆ వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఎవరో మెలిపెడుతున్నట్టు ఉందని లేచి కూర్చుంటారు. ఒకసారి కాలు ఉందనుకుని మంచం దిగబోయి పడ్డారు. బాత్రూమ్‌కు వెళ్లినప్పుడు ఆ పాదం జివ్వుమంటోందని అమ్మతో చెప్పారట, నాతో చెప్పడానికి సిగ్గుపడి. విచిత్రం ఏమిటంటే, ఉన్న ఎడమ పాదానికి మాత్రం స్పర్శ సరిగా లేదు. వాకరు పట్టుకుని నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియలేదు. తీసేసిన కాలిని పద్ధతిగా పూడ్చకపోవడం వల్లే ఇదంతా అని పెదనాన్న అంటున్నారు. అంతా మనసులోదే, పట్టించుకోవద్దని మా ఆయన అంటారు. అమ్మ రాత్రిపూట కాలు ఉండాల్సిన చోట దుప్పటి మీద చెయ్యి వేసి నొక్కుతోంది, నాన్నకు హాయిగా ఉందట. అది చూస్తే నాకు భయమేస్తోంది. నాన్నకు మతి చలించిందా? మళ్లీ మిషన్ ఎక్కగలరా? — ఒక కూతురు, పల్నాడు జిల్లా

జవాబు:

అమ్మా, మీ నాన్నగారి మతికి ఏమీ కాలేదు. అసలు కాలు తీసేశాక ఏమీ అనిపించకపోతేనే అరుదు. చెయ్యో కాలో పోగొట్టుకున్నవాళ్లలో దాదాపు అందరికీ అది ఇంకా ఉన్నట్టే ఉంటుంది, సగానికి పైగా మందికి అందులో నొప్పి కూడా ఉంటుంది. చాలామంది బయటికి చెప్పరు. చెబితే మీ ఇంట్లో ఏమన్నారో అదే అంటారని భయం.

నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. రోగులకు వైద్యం చేసే డాక్టర్ని కాను. కాబట్టి మందుల సంగతి మీ డాక్టరుగారికే వదిలేస్తాను. కానీ లేని కాలు ఎందుకు నొప్పి పెడుతుందో, ఉన్న కాలికి ఎందుకు తెలియడం లేదో చెప్పగలను. ఆ రెండూ ఒకే సంగతికి రెండు వైపులు. మీరు విచిత్రం అన్న చోటే జవాబు ఉంది.

మీ నాన్నగారి వేళ్ల దగ్గర మొదలుపెడదాం. షాపులో ఎవరైనా జాకెట్టు గుడ్డ తెచ్చిస్తే ఆయన ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. కళ్లతో చూసి ఊరుకోరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు పట్టుకుని మెల్లగా రుద్దుతారు. ‘ఇది టూ బై టూ కాదమ్మా, పాలిస్టర్ కలిసింది’ అని చెప్పేస్తారు. ఆ రుద్దడం ఊరికే అలవాటు కాదు. గుడ్డ మీద వేలు కదలకుండా పెడితే కార్డురాయ్ గీతల్లాంటి పెద్ద గరుకులు తెలుస్తాయి కానీ సన్నటి నేత తేడా తెలియదు. వేలు కదిలితే చర్మం సన్నగా వణుకుతుంది. ఆ వణుకును పట్టుకోవడానికి చర్మం లోతున ఉల్లిపాయ పొరల్లా చుట్టుకున్న చిన్న గుళికలుంటాయి. వాటిని పాసీనియన్ గుళికలంటారు. చర్మంలో ఇంకా వేరే రకాలుంటాయి. ఒకటి అంచులూ ఆకారాలూ చెబుతుంది, ఒకటి పట్టు జారుతోందని చెబుతుంది, ఇంకొకటి చర్మం సాగడాన్ని పట్టుకుంటుంది. వీటి నుంచి బయల్దేరే నరపు పోగులు ఒక్కో అరచేతిలో దాదాపు 17,000. ఒత్తిడి పడగానే తలుపులా తెరుచుకుని నరంలో కరెంటు పుట్టించే ప్రొటీన్లను కనిపెట్టినందుకే ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. మిగతా సగం, వేడినీ మిరపకాయ మంటనూ పట్టే తలుపును కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌ది. మిరప పండించే జిల్లా వాళ్లు, మీకు ఆయన పని ఎక్కువ చెప్పక్కర్లేదు.

క్లాసులో నేను హెయిర్‌పిన్ను విడదీసి రెండు కొనలూ పిల్లల చేతికి ఆనించేదాన్ని. కళ్లు మూసుకుని ఒకటా రెండా చెప్పాలి. వేలి కొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా ‘రెండు’ అంటారు. పిక్క మీద, వీపు మీద దాదాపు నాలుగు సెంటీమీటర్లు జరిపితే గానీ రెండని తెలియదు. అదే చర్మం, అదే మనిషి. తేడా ఎక్కడుందంటే, వేలికొన దగ్గర కబురు మోసే పోగులు కిక్కిరిసి ఉంటాయి, వాటి కబురు వినడానికి మెదడులో కేటాయించిన చోటు కూడా పెద్దది.

ఇప్పుడు ఆ కబురు ప్రయాణం చూడండి. కాలివేలి నుంచి బయల్దేరిన పోగు పిక్క, తొడ మీదుగా వెన్నుపాములోకి వచ్చి, మెదడు అడుగున పక్క మారుతుంది. కుడికాలి కబురు ఎడమ మెదడుకు పోతుంది. అక్కడ థాలమస్ అనే జంక్షన్ దాటి, మెదడు పైపొరలో చెవి నుంచి నడినెత్తికి గీసినట్టుండే ఒక పట్టీకి చేరుతుంది. తాకిడి కబురు మోసే పోగులు లావుపాటివి, పైన కొవ్వు తొడుగు ఉంటుంది, సెకనుకు 50 మీటర్ల దాకా పరుగెత్తుతాయి. మందకొడి నొప్పిని మోసేవి సన్నటివి, తొడుగు లేనివి, సెకనుకు ఒక మీటరు నడిస్తే గొప్ప. గుమ్మానికి కాలివేలు కొట్టుకున్నప్పుడు ముందు ‘తగిలింది’ అని తెలుస్తుంది. ఆ తర్వాత ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాం, అప్పుడొస్తుంది అసలు నొప్పి. ఆ మధ్య ఖాళీ అదే, సన్న పోగులు నడిచి వచ్చే టైము.

మెదడు పైపొరలో ఆ పట్టీ సంగతి వివరంగా తెలిసింది కెనడాలోని మాంట్రియల్‌లో. వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మూర్ఛ రోగులకు పుర్రె తెరిచి ఆపరేషన్ చేసేవాడు. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టి పైచర్మానికి మత్తు ఇస్తే చాలు, రోగి మెలకువగా మాట్లాడుతూనే ఉంటాడు. ఎక్కడ కొయ్యాలో తెలుసుకోవడానికి ఆయన మెదడు మీద సన్నటి కరెంటు పుల్లతో తాకేవాడు. ఒకచోట తాకితే రోగి ‘నా బొటనవేలు తిమ్మిరెక్కింది’ అంటాడు. పక్కన తాకితే ‘పెదవి’ అంటాడు. వేలిని ఎవరూ ముట్టుకోలేదు, పెదవి దగ్గరికి ఎవరూ పోలేదు. అలా తాకుతూ పోయి 1937లో ఒక పటం ప్రచురించాడు. అందులో చేతులకూ పెదవులకూ నాలుకకూ ఎకరాల కొద్దీ చోటు, వీపుకు గజం జాగా. పాదం, మెదడు రెండు సగాలూ కలిసే మడతలో కిందికి దిగి ఉంటుంది.

కాస్త ఆగి ఇది ఆలోచించండి. వేలిని ముట్టుకోకుండానే వేలు తిమ్మిరెక్కిందంటే, ‘వేలు’ అనే అనుభవం తయారయ్యేది మెదడులో. చర్మం కబురు పంపుతుంది, అంతే. మీ నాన్నగారికి కుడికాళ్లు రెండుండేవి. ఒకటి మంచం మీద చాపుకునేది, ఇంకొకటి ఎడమ మెదడు మడతలో ఉండేది. సర్జన్ తీసింది మొదటిదాన్ని. రెండోదాని జోలికి ఎవరూ పోలేదు. అది అరవై ఏళ్లుగా చేసిన పని చేస్తూనే ఉంది.

దానికి కబుర్లు కూడా వస్తున్నాయి. తెగిన నరాలు ఊరుకోవు. మళ్లీ పెరగాలని చూసి, దారి లేక కొస దగ్గర ముడిలా ఉండకట్టుకుంటాయి. ఆ ఉండ దానంతటదే సిగ్నళ్లు పుట్టిస్తుంది. ఇప్పుడు మోకాలి కింద తెగి ఉన్నా, ఆ పోగు బొటనవేలిదే. వైరు మధ్యలో షార్ట్ అయినా చివరనున్న బెల్లే మోగినట్టు, మెదడు దాన్ని బొటనవేలు దురద అనే చదువుతుంది. ఆ దురద నిజం. గోకడానికి చోటు లేదు, అంతే.

ఇక ఎడమ పాదం. అక్కడ లెక్క తలకిందులు. మెదడులో ఎడమ పాదం భద్రంగా ఉంది, చర్మం ఉంది, వేళ్లున్నాయి. కానీ కబురు మోసే పోగుల్ని షుగర్ తినేసింది. పొడవైన పోగులు ముందు దెబ్బతింటాయి, ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి కాలివేళ్లవి. అందుకే తిమ్మిరి వేళ్ల దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. దూది మీద నడుస్తున్నట్టుంది, ఇసుక మీద నడుస్తున్నట్టుంది అని షుగర్ ఉన్నవాళ్లు చెప్పేది దీన్నే. చెప్పు జారినా కబురు బయల్దేరదు. కబురు రాకపోతే మెదడు ‘అంతా బాగానే ఉంది’ అనుకుంటుంది. బహుశా కుడి మడమ పుండు కూడా ఇలా తెలియకుండానే ముదిరి ఉంటుంది.

కాబట్టి నన్నడిగితే మీ ఇంట్లో అందరూ భయపడాల్సింది నొప్పి లేని కాలి గురించి. లేని కాలు ఎంత బాధపెట్టినా, కాలు తీసే ఇంకో ఆపరేషన్ దాకా తీసుకుపోదు. ఉన్న కాలు మాట్లాడకుండా తీసుకుపోగలదు. దీని సంగతి కిందికొచ్చాక మళ్లీ చెబుతాను.

బాత్రూమ్ సంగతి. నాన్నగారు సిగ్గుపడాల్సింది ఏమీ లేదని అమ్మ చేత చెప్పించండి. కాలు పోయినవాళ్లు ఈ మాట డాక్టర్లకు చెప్పడం పాతదే. పెన్‌ఫీల్డ్ గీసిన పటంలో పాదం వేళ్ల పక్కనే మర్మావయవాల చోటు ఉంటుంది. వెన్నుపాము అడుగున కూడా మూత్రాశయం నరాలూ పాదం నరాలూ ఇరుగుపొరుగులే. ఒక ఇంట్లో మోగిన బెల్లుకు పక్కింటి తలుపు తెరుచుకుందనుకోండి. తమిళనాడులో పుట్టి, మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలోని శాన్‌డియేగోలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ 1990ల మొదట్లో ఇలాంటిదే చేతుల్లో చూపించాడు. చెయ్యి పోయిన కుర్రాడి చెంప మీద దూదిపుల్లతో రాస్తే, చెంపతో పాటు లేని చేతి బొటనవేలు కూడా తాకినట్టుందన్నాడు. పటంలో ముఖం చెయ్యి పక్కనే ఉంటుంది. ఖాళీ అయిన చేతి జాగాలోకి ముఖం చొరబడిందని రామచంద్రన్ వివరణ. చాలా ఏళ్లు మేమూ క్లాసులో అదే చెప్పాం. ఇప్పుడు అది అంత తేలిగ్గా నిలబడటం లేదు. ముగ్గురికి చెయ్యి తీసేయకముందూ తీసేశాకా ఎంఆర్‌ఐలో మెదడును పోల్చి చూసి, చేతి పటం చెక్కుచెదరలేదని 2025లో ప్రచురించారు. అంటే ఖాళీ జాగా ఖాళీ కానేలేదు. మీ నాన్నగారు చెబుతున్నది కూడా అదే కదా, కాలు ఎక్కడికీ పోలేదని.

దీన్ని డాక్టర్లు ఫాంటమ్ లింబ్ అంటారు. దయ్యపు అవయవం అని అర్థం వస్తుంది, మీ పెదనాన్నగారికి మాత్రం ఈ పేరు చెప్పకండి. పేరు పెట్టింది సైలాస్ వియర్ మిచెల్, 1871లో. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులను ఫిలడెల్ఫియాలో చూసిన డాక్టరు. ఆయన దీని గురించి మొదట వైద్య పత్రికలో రాయలేదు. 1866లో పేరు పెట్టుకోకుండా ఒక మామూలు పత్రికలో కథలా రాశాడు. జనం నిజమనుకుని ఆ కల్పిత సైనికుడికి సాయం చేస్తామని ముందుకొచ్చారట. కాలు పోయినవాడి మాట నమ్మించడానికి డాక్టరుకే కథ కావాల్సి వచ్చింది, మీ నాన్నగారిని నమ్మలేదని మీ వాళ్లను మరీ తప్పు పట్టలేను.

పూడ్చడం సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ఆస్పత్రిలో తీసేసిన భాగాలను పసుపు రంగు సంచిలో వేసి, బయోమెడికల్ వ్యర్థాల నిబంధన ప్రకారం కాల్చేస్తారు లేదా లోతుగా పూడుస్తారు. అది ఎలా జరిగినా నొప్పికి సంబంధం లేదు. అయినా పెదనాన్నగారితో గొడవ పెట్టుకోకండి. పూజ చేయిస్తానంటే చేయించనివ్వండి, డాక్టరు దగ్గరికి వెళ్లడం దానికోసం వాయిదా వేయకపోతే చాలు. మీవారి మాటే నాకు ఎక్కువ ఇబ్బందిగా ఉంది. ‘మనసులోదే’ అంటే లేనిదని ఆయన ఉద్దేశం. పంటినొప్పి కూడా తయారయ్యేది మెదడులోనే. దాన్ని మనసులోదని ఎవరూ కొట్టిపారేయరు.

నొప్పి ఎందుకంటే, ఉండకట్టిన నరం ఒక కారణం. ఆపరేషన్‌కు ముందు నెలల తరబడి పుండు నొప్పి పడ్డవాళ్లకు వెన్నుపాము, మెదడు ఆ నొప్పిని నేర్చేసుకుంటాయి, అది కూడా ఒకటి. మూడోది, ముడుచుకుపోయిన వేళ్ల గురించి. మనం కాలివేళ్లు చాపాలంటే మెదడు ఆజ్ఞ పంపి ఊరుకోదు. ‘చాచాం’ అన్న జవాబు కండరాల నుంచి, చర్మం నుంచి, కళ్ల నుంచి రావాలి. మీ నాన్నగారి మెదడు రోజంతా ‘చాచు, చాచు’ అంటోంది. జవాబు రావడం లేదు. పిడికిలి బిగిసినట్టు అలాగే ఉండిపోతోంది.

ఆ జవాబును అద్దంతో ఇప్పించవచ్చని కనిపెట్టింది కూడా రామచంద్రనే. ఒక అట్టపెట్టె, ఒక మామూలు అద్దం, అంతే ఖర్చు. 2007లో అమెరికా సైనిక ఆస్పత్రిలో కాళ్లు పోయినవాళ్లతో దీన్ని పరీక్షించారు. రోజుకు 15 నిమిషాలు, నాలుగు వారాలు. అద్దంలో చూసుకుంటూ చేసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. అద్దానికి గుడ్డ కప్పి చేసినవాళ్లలో, కళ్లు మూసుకుని ఊహించుకున్నవాళ్లలో పెద్దగా తగ్గలేదు, ఊహించుకున్నవాళ్లలో ఎక్కువమందికి పెరిగింది కూడా. పూర్తి చేసినవాళ్లు మొత్తం 18 మందే. తర్వాతి పరీక్షలన్నీ ఇంత బాగా రాలేదు. అందుకే ఇది తప్పక పనిచేస్తుందని అనను. ఖర్చు తక్కువ, చెడు తక్కువ, చేసి చూడాల్సిందే అంటాను.

ఎలా చేయాలో చెబుతాను. ఫొటో ఫ్రేములు కట్టే షాపులో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అద్దం కోయించి, అంచులకు మందపాటి టేపు వేయించండి. నాన్నగారు మంచం మీద గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చోవాలి. అద్దాన్ని రెండు తొడల మధ్య నిలువుగా పెట్టి, మెరిసే వైపు ఎడమకాలి వైపు ఉంచండి. కుడి మోకాలు, దాని కింద మిగిలిన భాగం అద్దం వెనక దాగిపోవాలి. ఇప్పుడు ఎడమవైపు నుంచి అద్దంలోకి తొంగి చూస్తే కుడికాలు ఉన్నచోట ఒక పూర్తి కాలు కనిపిస్తుంది. దాన్నే చూస్తూ ఎడమ పాదాన్ని మెల్లగా ముందుకు వంచమనండి, వెనక్కి లాగమనండి, వేళ్లు ముడిచి విప్పమనండి. లేని పాదంతో కూడా అదే చేస్తున్నట్టు ప్రయత్నించాలి. ఎడమ పాదానికి స్పర్శ తక్కువ కదా, పనిచేస్తుందా అని మీకు సందేహం రావచ్చు. ఇక్కడ ముఖ్యంగా పనిచేసేది చూపు, కాబట్టి ప్రయత్నించవచ్చు. ఉంగరం, మెట్టె, పుట్టుమచ్చ లాంటివి ఉంటే ‘ఇది నా కుడికాలు కాదు’ అని మెదడు పట్టేస్తుంది, అలాంటివి తీసేయడమో కప్పేయడమో మంచిది. మొదటిరోజు ఫిజియోథెరపిస్ట్ పక్కన ఉంటే బాగుంటుంది. కొందరికి కళ్లు తిరుగుతాయి. కొందరు ఏడ్చేస్తారు, మూడు నెలల తర్వాత రెండు కాళ్లు ఒక్కసారిగా కనిపిస్తే ఏడుపు రాదా? నొప్పి పెరిగితే మాత్రం ఆపేయండి.

ఇప్పుడు అమ్మ సంగతి. ఆవిడను ఆపకండి. ఆవిడకు తెలియకుండానే సరైన దారిలో ఉంది. 1998లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక తమాషా ప్రయోగం చేశారు. మనిషి చెయ్యి తెర వెనక దాచి, ఎదురుగా రబ్బరు చెయ్యి పెట్టారు. దాచిన చేతి మీదా రబ్బరు చేతి మీదా ఒకేసారి బ్రష్షుతో రాశారు. కొద్ది నిమిషాల్లో చాలామందికి ఆ రబ్బరు చెయ్యే తమదనిపించింది. కంటికి కనిపించే తాకిడిని కూడా మెదడు తన లెక్కలో వేసుకుంటుంది. ఖాళీ దుప్పటి మీద అమ్మ చెయ్యి నొక్కుతుంటే చూస్తున్న ఆయనకు హాయిగా ఉండటంలో వింత ఏమీ లేదు.

ఆవిడతో ఇంకో పని కూడా చేయించండి. గాయం పూర్తిగా మానిందని డాక్టరు చెబితే, మోకాలి కింద మిగిలిన భాగాన్ని, డాక్టర్లు స్టంప్ అంటారు, రోజుకు రెండు మూడుసార్లు తేలిగ్గా మర్దన చేయాలి. మెత్తటి గుడ్డతో మొదలుపెట్టి, తర్వాత కాస్త గరుకు తువ్వాలు. మోచెయ్యి తలుపుకు కొట్టుకుంటే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా. లావు పోగుల మీద వచ్చే తాకిడి కబురు వెన్నుపాము దగ్గర నొప్పి కబురుకు గేటు సగం మూసేస్తుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పారు. మన అమ్మమ్మలు చెప్పకుండానే చేసేవాళ్లు. తొడ మీద మాత్రం రుద్దడం కాదు, మెల్లగా నిమరమనండి. వెంట్రుకలున్న చర్మంలో ఒక ప్రత్యేకమైన సన్న పోగు జాతి ఉంది. అది గరుకూ ఆకారమూ చెప్పదు. సెకనుకు మూడు సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చెయ్యి నిమిరితే బాగా పలుకుతుంది. ఆ కబురు ప్రధానంగా పోయేది మెదడులో పటం ఉన్న పట్టీకి కాదు, ఇన్సులా అనే లోపలి భాగానికి. ఎక్కడ తాకారన్న లెక్క అక్కడ చూడరు, హాయిగా ఉందా లేదా అన్నదే చూస్తారు. పసిపిల్లను జోకొట్టి నిమిరేటప్పుడు చెయ్యి దానంతటదే ఆ వేగానికి వస్తుంది. అమ్మకు కొలత చెప్పక్కర్లేదు.

మందుల గురించి ఒక్క మాట. ఈ నొప్పికి మామూలు నొప్పి బిళ్లలు సాధారణంగా సరిపోవు, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు అవి మంచివి కూడా కావు. నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి వాడతారు. మోతాదు కిడ్నీల పనితీరు, వయసు చూసి వేయాలి, కొన్నిటికి మగత వస్తుంది, ఒంటికాలి మనిషికి మగత అంటే పడిపోవడమే. కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనకండి. స్టంప్ ఎర్రబడినా, వాచినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా, ఒకే చోట వేలితో తడితే షాక్ కొట్టినట్టున్నా ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించండి. అది ఫాంటమ్ నొప్పి అనుకుని ఊరుకోకూడదు.

రాత్రి పడిపోవడం నాకు చాలా టెన్షన్‌గా ఉంది. నిద్రమత్తులో మెదడులోని కాలే ముందు లేస్తుంది. ‘కాలు లేదని గుర్తుపెట్టుకో నాన్నా’ అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు, గుర్తు లేక కాదు పడింది. మంచానికి కుడివైపు గోడ వచ్చేలా జరపండి. ఎడమవైపు చెయ్యి చాస్తే తగిలేటట్టు వాకరు పెట్టండి. రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. కింద బొంత, పట్టా లాంటివి తీసేయండి. మంచం పక్కన మూత్రం పోసుకునే సీసా పెడితే సగం ప్రమాదం పోతుంది.

ఇక ఎడమ పాదం. ఆయనను కళ్లు మూసుకోమని, కాలివేళ్ల కొనలను ఒక్కొక్కటిగా మీ వేలితో తేలిగ్గా తాకండి. నొక్కొద్దు, పొడవొద్దు, ఒకటి రెండు సెకన్లు ఆనించండి చాలు. తాకినప్పుడు చెప్పమనండి. తెలియని వేళ్లు ఉంటే ఆ పాదానికి కాపలా ఇక నుంచి మీ కళ్లే. షుగర్ క్లినిక్‌లో సన్నటి నైలాన్ దారంతో ఇంకా కచ్చితంగా చూస్తారు. రోజూ సాయంత్రం అరికాలు, వేళ్ల సందులు, మడమ చూడండి. ఆయన వంగలేకపోతే కింద చేతి అద్దం పెట్టండి, ఎలాగూ అద్దాల ఇల్లు అయిపోయింది మీది. వేడినీళ్లు ఎడమకాలితో చూడకూడదు, మీ మోచేత్తో మీరే చూడాలి. ఇంట్లో కూడా చెప్పులు, అవీ వెనక పట్టీ ఉన్నవి. గుడికి వెళ్తే మధ్యాహ్నం బండల మీద ఉత్తకాళ్లతో నడవనివ్వకండి, మేజోళ్లు వేసుకుంటే దేవుడు ఏమీ అనుకోడు.

చివరి ప్రశ్నకు వస్తాను. మిషన్ ఎక్కగలరనే నా నమ్మకం. స్టంప్ గట్టిపడ్డాక కృత్రిమ కాలు పెట్టిస్తారు. 1968లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి తయారుచేసిన జైపూర్ కాలు మన దేశంలో ఎంతోమందిని నడిపించింది, ఉచితంగా అమర్చే క్యాంపులు కూడా జరుగుతుంటాయి. అది తొడుక్కున్నాక, లేని కాలు దానిలోకి వచ్చి సర్దుకున్నట్టుంటుందని చాలామంది చెబుతారు, చెప్పులోకి పాదం దూరినట్టు. ఇన్నాళ్లూ బాధపెట్టిన కాలే అప్పుడు నడకకు పనికొస్తుంది. ఇన్నేళ్లు మిషన్ తొక్కిన పాదానికి పెడల్ లయ మరిచిపోవడం అంత తేలిక కాదు.

ఈలోగా మిషన్‌కు చిన్న మోటారు పెట్టించండి. వేళ్లకు పని దొరకాలి, షాపులో కూర్చుంటే నాలుగు మాటలు దొరుకుతాయి. మోటారు పెడల్ ఎడమ పాదం కింద పెట్టాల్సి వస్తుంది కాబట్టి రెండు జాగ్రత్తలు. ఎంత గట్టిగా తొక్కుతున్నారో ఆ పాదం ఆయనకు చెప్పదు, సూది కింద వేళ్లుంటాయి. మొదటి వారం పాత గుడ్డ ముక్కల మీద, తక్కువ స్పీడులో, చప్పుడు విని వేగం పట్టుకోవడం నేర్చుకోమనండి. రెండోది, పెడల్ మీద చెప్పు లేకుండా పాదం పెట్టనివ్వకండి, లేచే ముందు ఆ చెప్పు లోపల గుండీ గానీ విరిగిన సూది ముక్క గానీ ఉందేమో చేత్తో తడిమి చూడమనండి.

ఆయన చేతివేళ్లు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి కదా?